అమ్మానాన్నలు సుగ్గికి పోయినప్పుడు: పిల్లల మనసును బడిలో ఎలా కాచుకోవాలి

దసరా, దీపావళి అయ్యాయంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊళ్లు పలచబడతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద, ఆలూరు, దేవనకొండ, ఎటు చూసినా ఇళ్లకు తాళాలే. ముందు పత్తి తీయడానికి, ఆ వెనక మిరపకాయలు కోయడానికి జనం గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపో, తెలంగాణకో పోతారు. సుగ్గికి పోవడం అంటే ఇదే. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు. కొందరు అవ్వ దగ్గరో, జేజి దగ్గరో వదిలిపోతారు. ఊళ్లో మిగిలిన పిల్లల కోసం, ఉగాది వేళకు తిరిగొచ్చే పిల్లల కోసం మీలాంటి టీచర్లు ఏం చేయవచ్చో ఇక్కడ రాస్తున్నాను. అనంతపురం నుంచి బెంగళూరుకు కూలికి పోయే ఇళ్లలోనూ, రాయచోటి వైపు తల్లి కువైట్‌లో ఉన్న ఇళ్లలోనూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ఒక మాట ముందే అనుకుందాం. మనం సైకాలజిస్టులం కాము, కానక్కర్లేదు కూడా. బడిలో ఒక్క పెద్దమనిషికైనా ఆ బిడ్డ ఇంటి సంగతి తెలిసి ఉండాలి. ఆ బిడ్డకు కూడా ఆ మనిషి ఎవరో తెలియాలి. మిగతా పనులన్నీ దీని మీదే నిలుస్తాయి.

1. దసరా సెలవులకు ముందే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టండి

సెప్టెంబరు చివరి వారంలో క్లాసు టీచర్లు కూర్చుని, ఈసారి ఏ ఇంటివాళ్లు పోతున్నారో రాసుకోవాలి. క్లాసులో నిలబెట్టి "మీ అమ్మోళ్లు సుగ్గికి పోతాండ్రా?" అని అడగొద్దు. పోని ఇళ్ల పిల్లలు పక్కనే ఉంటారు, ఆ చూపులు వీళ్లకు తెలుస్తాయి. ఒక్కొక్కరినీ విడిగా అడగండి. లేదంటే ఊళ్లో కూలీల్ని తీసుకుపోయే మేస్త్రీని అడిగితే పది నిమిషాల్లో మొత్తం లిస్టు చెప్తాడు.

రాసుకోవాల్సినవి ఇవి: ఎప్పుడు పోతారు, ఎక్కడికి పోతారు, ఎప్పుడొస్తారు, తల్లి ఫోన్ నంబరు, మేస్త్రీ ఫోన్ నంబరు, బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి ఆ ఇంట్లో ఎవరెవరు పడుకుంటారు. చివరి ప్రశ్న అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అయినా అడగండి. పన్నెండేళ్ల ఆడపిల్ల, తొమ్మిదేళ్ల తమ్ముడు ఇద్దరే ఇంట్లో పడుకుంటున్నారని నవంబరులో కాకుండా సెప్టెంబరులోనే తెలిస్తే చుట్టాలతో మాట్లాడటానికి టైం ఉంటుంది.

ఇలాంటి పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. బండ్లు కదిలాక హాస్టల్ మంజూరైతే అప్పటికే సగం మంది పిల్లలు మిరప చేలల్లో ఉంటారు. అందుకే మీ లిస్టును హెచ్‌ఎం సంతకంతో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు ముందుగానే పంపి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

2. పోయే ముందు తల్లిదండ్రులతో రెండు ముక్కలు మాట్లాడండి

బండ్లు ఎక్కువగా రాత్రిపూట, లేదంటే తెల్లారుజామున కదులుతాయి. పిల్ల ఏడుస్తుందని నిద్రలో ఉండగానే చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లు చాలామంది. పొద్దున్నే లేచి చూస్తే అమ్మ ఉండదు. అలాంటి పిల్లలు ఆ తర్వాత అవ్వ బావి దగ్గరికి పోయినా వెంటబడతారు, రాత్రి నిద్రపోరు, బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటారు. ఏడ్చినా సరే, చెప్పి పొమ్మనండి. ఎక్కడికి పోతున్నారో, ఎవరెవరు కలిసి పోతున్నారో, ఎప్పుడు ఫోన్ చేస్తారో చెప్పి పోవాలి. తిరిగొచ్చే తేదీ నమ్మకంగా తెలియకపోతే "సంక్రాంతికి వస్తాం" అని ఊరించకూడదు. సంక్రాంతి నాడు మిరప కోత మంచి జోరు మీద ఉంటుంది, ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

ఇంకొకటి. పోయే ముందు ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలు ఏం చేశారని అడగండి. మన వైపు పత్తి, మిరప మందులు వంటింటి అటక మీదో, మంచం కిందో ఉంటాయి. పెద్దలు లేని ఇంట్లో అవి అసలు ఉండకూడదు. ఎవరైనా బంధువు ఇంట్లో తాళం వేసిన పెట్టెలో పెట్టించండి. ఈ ఒక్క పని ప్రాణం కాపాడవచ్చు.

3. హాజరును చదవండి

యాప్‌లో హాజరు వేసేస్తే పని అయిపోయినట్టే అనుకుంటాం. అదే హాజరును నెలకోసారి కాగితం మీద వరుసగా పెట్టి చూడండి. సోమవారాలు రానివాడు, మధ్యాహ్నం అన్నం తిని మాయమయ్యేవాడు, నెలలో మూడు నాలుగు రోజులు ఒకేసారి మానే అమ్మాయి ఎవరో కనబడతారు. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది. సోమవారం మానేవాడు ఆదివారం అమ్మతో ఫోన్ మాట్లాడి ఉండవచ్చు. అన్నం తిని వెళ్లిపోయేవాడు ఇంట్లో చిన్న చెల్లెల్ని చూసుకుంటూ ఉండవచ్చు.

భోజనం దగ్గర కూడా ఒక కన్ను వేసి ఉంచండి. ఉడికించిన గుడ్డును తినకుండా జేబులో పెట్టుకునే పిల్లలుంటారు. చిక్కీ కూడా కాగితంలో చుట్టి సంచిలో దాచుకుంటారు. "దొంగతనంగా తీసుకుపోతున్నావా" అని వంటామె అరిస్తే ఆ పిల్లవాడు మరుసటి రోజు నుంచి భోజనానికే రాడు. ఆ గుడ్డు ఎవరికోసమో మెల్లగా కనుక్కోండి. ఇంట్లో బడి ఈడు రాని తమ్ముడుంటే అంగన్‌వాడీలో చేరాడో లేదో చూడండి. అవ్వకు ఒంట్లో బాగాలేక రాత్రిపూట పొయ్యి వెలగడం లేదేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇవి కాక గమనించాల్సినవి: మొదటి పీరియడ్‌లోనే నిద్ర, ఊరికే కొట్లాటకు దిగడం, ఎప్పుడూ గోల చేసేవాడు నోరు విప్పకపోవడం, హాస్టల్లో పక్క తడపడం, మాటిమాటికీ తలనొప్పి. అమ్మ పోయిన మొదటి పది పదిహేను రోజులు ఇవి ఎవరికైనా ఉంటాయి, కంగారు పడక్కర్లేదు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, తిండి, నిద్ర, ఆట మూడూ దెబ్బతింటే డాక్టరుకు చూపించాలి. గొడవ చేసే పిల్లలు ఎలాగూ మన కంట పడతారు. నా భయమంతా బుద్ధిగా, మౌనంగా కూర్చునే ఆడపిల్లల గురించే. "చాలా మంచి పిల్ల, ఏ గొడవా లేదు" అని మనం రాసే రిమార్కు వెనక ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

4. మాట్లాడటం: ఏం అనాలి, ఏం అనకూడదు

స్టాఫ్‌రూమ్‌కు పిలవకండి. స్టాఫ్‌రూమ్‌కు పిలిచారంటే తిట్టడానికే అని పిల్లలకు తెలుసు. ఏదో ఒక పని చేస్తూ మాట్లాడండి. నోట్‌బుక్కులు సర్దించుకుంటూనో, చెట్లకు నీళ్లు పోయిస్తూనో పక్కపక్కన నిలబడితే మాట సులువుగా వస్తుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ అడిగితే ఎనిమిదో తరగతి మగపిల్లవాడు ఒక్క ముక్క చెప్పడు.

చూసింది చెప్పి మొదలుపెట్టండి. "ఈ వారం నువ్వు ఆటకు పోవడం లేదు కదా, చూస్తాండా. ఇంటికాడ ఎట్లుంది?" అనండి, తర్వాత ఊరుకోండి. కష్టమైన భాగం ఈ ఊరుకోవడమే. టీచర్లకు నిశ్శబ్దం పడదు. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి.

మాట ఇలా నడవవచ్చు:

"ఏం లేదు సార్."

"సరేలే. అవ్వ బాగుందా?"

"బాగుంది సార్... రాత్రి దగ్గుతాంటాది."

"నువ్వే లేచి నీళ్లు ఇస్తావా?"

"ఊఁ. నిద్ర పట్టదు సార్. అవ్వకు ఏమన్నా అయితే ఎవరికి చెప్పల్ల?"

వాడి భయం బయటపడింది. అమ్మ మీద బెంగ ఉంది, దానికంటే పెద్దది రాత్రిపూట ఒంటరిగా బాధ్యత మోయడం. దీనికి ఓదార్పు మాటలతో పనిలేదు. రాత్రి ఏమన్నా అయితే ఏ ఇంటి తలుపు తట్టాలో వాడితో కలిసి తేల్చండి, ఆ ఇంటివాళ్లకు మీరే చెప్పండి. 108కి ఎలా ఫోన్ చేయాలో నేర్పండి. ఊళ్లో నర్సమ్మకు (ఏఎన్‌ఎం) చెప్పి అవ్వ దగ్గును చూపించండి. వాడి నిద్రకు మందు అదే.

నోట్లోకి రాకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "మగపిల్లోనివి, ఏడుస్తావా?" "నీకన్నా కష్టాలున్నోళ్లు లేరా?" "అంతా మంచే జరుగుతుందిలే." అన్నిటికంటే చెడ్డది, మనందరం మామూలుగా అనేసేది: "చదవకపోతే నువ్వు కూడా మీ అమ్మోళ్ల మాదిరి మిరపకాయలు కోసుకోవాల్సిందే." మంచి ఉద్దేశంతోనే అంటాం. ఆ బిడ్డ చెవికి మాత్రం తన అమ్మానాన్నల్ని టీచరు తక్కువ చేసినట్టే వినపడుతుంది. వాళ్లు కోసిన మిరపకాయల కూలితోనే ఆ బిడ్డకు బట్టలొచ్చాయి. ఈ మాటను బడిలో ఎవరూ వాడకూడదని స్టాఫ్ మీటింగులో గట్టిగా అనుకోండి. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

"ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నీకు చెప్పే ఇంకొకరికి చెప్తా" అనండి. ఆ నిజాయితీని పిల్లలు అర్థం చేసుకుంటారు.

5. రోజూ చేసే చిన్న పనులు

హాజరు పిలిచేటప్పుడు "ప్రెజెంట్ సార్"కు బదులు ఆ రోజు మనసు ఎలా ఉందో ఒక గుర్తుతో చెప్పించవచ్చు. ఎండ, మబ్బు, వాన అనే గుర్తులు చాలా చోట్ల వాడతారు. మన వైపు వాన అంటే సంబరం కాబట్టి బాధకు వానను గుర్తుగా పెడితే పిల్లలు నవ్వుతారు. వేళ్లు చూపించమనండి: ఐదు వేళ్లు అంటే బాగున్నా, ఒక్క వేలు అంటే అస్సలు బాగాలేదు. చూపించనంటే బలవంతం వద్దు. వరుసగా మూడు రోజులు ఒక్క వేలు చూపినవాళ్లతో ఆ రోజే మాట్లాడండి.

పరీక్షల టెన్షన్‌కు ఊపిరి కసరత్తు పనిచేస్తుంది. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, ఐదారు సార్లు. పరీక్ష రోజున కొత్తగా చెప్తే గుర్తుండదు, మామూలు రోజుల్లోనే అలవాటు చేయాలి. ఆటల పీరియడ్‌ను లెక్కల సారు లాక్కోకుండా చూడటం కూడా ఈ కోవలోదే, లెక్కల సార్లు కోప్పడినా సరే.

6. అమ్మతో ఫోన్, అవ్వతో మాట

వారానికో రోజు, ఒకే టైముకు ఫోన్ మాట్లాడించండి. కోత కూలీలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలోనే ఉంటారు. మధ్యాహ్నం అన్నాల వేళ బాగుంటుంది, అప్పుడు బడిలోనూ భోజన విరామమే. స్పీకర్ పెట్టకుండా ఫోన్ బిడ్డ చేతికిచ్చి మీరు పది అడుగులు దూరం జరగండి. తల్లికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి: మార్కులు తర్వాత అడగొచ్చు, ముందు ఏం తిన్నావ్, ఎవరితో ఆడుకున్నావ్ అని అడగమనండి. తను ఈ రోజు ఏం చేసిందో కూడా చెప్పమనండి. ఫోన్ పెట్టేశాక పిల్ల ఏడ్చిందని ఫోన్లు మానేయకండి. ఏడుపు వచ్చి పోతుంది. అమ్మ గొంతే వినకపోతే బెంగ లోపలే ఉండిపోతుంది.

అవ్వను కలవాలంటే నెల 1వ తేదీ మంచి రోజు. సచివాలయం వాళ్లు ఎన్టీఆర్ భరోసా పింఛను ఇంటికి తెచ్చి ఇస్తారు కాబట్టి ముసలివాళ్లు ఆ రోజు ఊరు కదలరు. వెళ్లినప్పుడు ముందు పిల్ల గురించి ఫిర్యాదు ఎత్తకండి. "ఈ వయసులో ఇంత చేస్తున్నావ్ అవ్వా" అనండి. ఆమె కూడా కూతురి మీదో కొడుకు మీదో బెంగతోనే ఉంటుంది. ఆ తర్వాత అడగాల్సింది ఒక్కటే: పిల్ల చేత ఏ పని చేయిస్తున్నారు, దానికి చదువుకోవడానికి, ఆడుకోవడానికి గంటసేపు మిగులుతుందా? ఏడో తరగతి పిల్ల వంట, అంట్లు, నీళ్లు, తమ్ముడు అన్నీ చూసుకుంటుంటే ఆ పనుల్లో ఏదో ఒకటి తగ్గించే దారి అవ్వతోనే మాట్లాడి కనిపెట్టండి.

7. తిరిగొచ్చిన పిల్లలు

తల్లిదండ్రుల వెంట పోయినవాళ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగొస్తారు. వచ్చేసరికి ఏడాది చివరి ఎస్‌ఏ-2 పరీక్షలు నెత్తి మీద ఉంటాయి. నెలల పాటు గుడారాల్లో ఉండి, మిరపకాయల మంటతో చేతులు గరుకెక్కి వచ్చిన పిల్లని గేటు దగ్గరే "ఇన్నాళ్లు యాడ తిరుగుతాంటివి?" అని అడిగితే మరుసటి రోజు రాదు. "వచ్చినావా, మంచిదైంది" అనండి, చాలు.

పాత చోటే కూర్చోబెట్టండి. ఒక జతగాణ్ణి అప్పగించండి, క్లాసు ఫస్టు వచ్చేవాడి కంటే ఓపిక ఉన్నవాడైతే మేలు. తప్పిపోయిన పాఠాలన్నీ వారంలో నేర్పేయాలని చూడకండి. మొదటి వారం చదవడం, రాయడం మళ్లీ చేతికి అలవాటైతే చాలు. మిరప చేలో కిలోలు, బస్తాలు, కూలి లెక్కలు ఈ పిల్లలకు నోటికొచ్చి ఉంటాయి. లెక్కల పీరియడ్‌లో ఆ లెక్కలే బోర్డు మీద చేయించండి. వెనకబడిన పిల్ల అనే ముద్ర అక్కడే కొంత పోతుంది. ఎక్కిరించేవాళ్లుంటే అందరి ముందు ఉపన్యాసం ఇవ్వొద్దు, ఎక్కిరించినవాణ్ణి విడిగా పిలిచి మాట్లాడండి.

చేల దగ్గర ఏం చూశారో, ఏం పడ్డారో తవ్వి తవ్వి అడగొద్దు. బొమ్మ వేయమంటే వేస్తారు. కొందరు బొమ్మలో అన్నీ చెప్పేస్తారు.

8. విషయం మన చేయి దాటితే

"చచ్చిపోవాలనిపిస్తాంది" అని పిల్ల అన్నా, రాసినా, చేతి మీద కోతలు కనబడినా, అది నటన అని కొట్టిపారేయకండి. సూటిగా అడగండి: "బతకాలని లేదనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలని అనుకున్నావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం అక్కర్లేదు, పుట్టదు. తనను అర్థం చేసుకునే మనిషి దొరికాడని బిడ్డకు కొంత తేలికవుతుంది. ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి. ఇంటికి పంపేయడం కూడా వదలడమే. ఇంట్లో పురుగుమందు, మాత్రలు తీయించండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు పిల్ల పక్కనే కూర్చుని ఫోన్ చేయండి. 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అదే రోజో మరుసటి రోజో కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకుపోవాలి. తోడుగా బడి నుంచి ఒకరు వెళ్లండి. అవ్వ ఒక్కతే ఆ ఓపీ చీటీలు, వరుసలు నెగ్గుకురాలేదు.

పురుగుమందు తాగినట్టు తెలిస్తే 108. ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించే పని పెట్టుకోకండి, ప్రమాదం పెరుగుతుంది. ఆ డబ్బా వెంట తీసుకెళ్లండి, ఏ మందో డాక్టరుకు తెలియాలి. పోలీసు కేసు అవుతుందని ఇంటివాళ్లు దాచిపెడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెప్తుంది. ఈ మాట వాళ్లకు చెప్పండి.

ఎవరో ఒంటి మీద చెయ్యి వేశారని పిల్ల చెప్తే ఆ మాటల్ని పిల్ల అన్నట్టుగానే రాసుకోండి. పదిమంది టీచర్ల ముందు మళ్లీ మళ్లీ చెప్పించకండి, అవతలివాణ్ణి పిలిచి పంచాయితీ పెట్టకండి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. ఊరి పెద్దలు "పిల్ల బతుకు పాడవుతుంది, మనలో మనం చూసుకుందాం" అంటారు. వాళ్లతో వాదించే బరువు ఒక్కరే మోయకుండా హెచ్‌ఎంను, ఇంకో టీచరును కలుపుకోండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఇందుకూ పనికొస్తుంది, పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి కుదిర్చారని తెలిసినా పనికొస్తుంది. సుగ్గికి పోయే ముందు "ఒంటరిగా వదల్లేం" అని తొమ్మిదో తరగతి పిల్లకు పెళ్లి చేసేసే ఇళ్లున్నాయి. ఆ ఇంటికి హాస్టల్ సీటు చూపిస్తే కొన్నిసార్లు పెళ్లి మాట వెనక్కి పోతుంది.

9. సాయం అడగండి

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో కోచింగ్‌కు వచ్చిన ఒక విద్యార్థిని మృతి కేసులో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే బయటి మానసిక నిపుణులతో పద్ధతి ప్రకారం ఏర్పాటు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మన హైస్కూళ్లలో చాలావాటికి వంద దాటుతుంది. ఎంఈఓకు, డీఈఓకు (జిల్లా విద్యాధికారికి) రాసే అర్జీలో ఈ తీర్పును ప్రస్తావించండి. కౌన్సిలర్ వచ్చేలోగా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లను ఒక శనివారం బడికి రమ్మని ఉత్తరం రాయండి.

మీ గురించి కూడా ఒక మాట. నలభై మంది పిల్లల ఇళ్ల బాధలు ఒక్కరే మోస్తే రెండేళ్లలో బండబారిపోతారు. క్లాసుకు ఇద్దరు టీచర్లు పంచుకోండి. రాత్రి తొమ్మిది దాటాక వచ్చే ఫోన్లు ఏ రోజు ఎవరు ఎత్తాలో వంతులు వేసుకోండి.

నోట్‌బుక్‌ను హెచ్‌ఎం బీరువాలో తాళం వేసి పెట్టండి, టేబుల్ మీద వదలొద్దు. వేసవిలో బదిలీ వస్తే తర్వాత వచ్చే టీచరుకు చేతికిచ్చి, ఏ పిల్ల సంగతి ఏమిటో అరగంట కూర్చుని చెప్పండి. పోక్సో కేసుల వివరాలు మాత్రం ఆ నోట్‌బుక్‌లో ఎక్కడా ఉండకూడదు. వాటిని విడిగా, సీలు వేసిన కవరులో ఉంచి హెచ్‌ఎంకు అప్పగించండి.